ఓడలో లోపలి గదా, బాల్కనీ గదా? కుటుంబంతో వెళ్లేవారు తేల్చుకునే పద్ధతి

సంక్రాంతి దాటగానే మా చెన్నైలో ఈ ప్రశ్న మొదలవుతుంది. వేసవి సెలవుల్లో సింగపూర్ వెళ్లి అక్కడ క్రూయిజ్ ఎక్కాలనుకునేవారు, చెన్నై రేవు నుంచి బయలుదేరే ఓడ ఉంటే అందులోనే రెండు మూడు రోజులు తిరిగి రావాలనుకునేవారు, పెరంబూరులో మా అపార్ట్‌మెంటువారు, వాళ్లు చెప్పగా ఫోను చేసే బెంగళూరు బంధువులు... అందరూ అడిగేది ఒకటే: "లోపలి గది సరిపోతుందా, బాల్కనీ తీసుకోవాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

రెండు రకాల గదుల్లోనూ కుటుంబంతో ప్రయాణం చేశాను. మొదటిసారి మా అత్తగారితో కలిసి లోపలి గదిలో ఉన్నాం. ఆ గదికి కిటికీ లేదు, దీపం ఆర్పితే చీకటి. మొదటి రాత్రి ఆమె లేచి, తెల్లవారబోతోందనుకుని, రెండు గంటలకే స్నానం చేసి కూర్చున్నారు. ఆ పెద్దావిడ అలా చీకట్లో తెల్లవారడం కోసం ఎదురుచూడడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రెండోసారి పట్టుబట్టి బాల్కనీ తీసుకున్నాం. అప్పటికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఈతకొలను వదిలి గదికి రాలేదు. బాల్కనీ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రెండు గదులూ మంచివే, మా అవసరానికి మాత్రం తారుమారయ్యాయి.

అందుకే "ఏది మంచిది?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. "పగటి వెలుతురులో, మెలకువగా, ఆ గదిలో ఎవరు ఎన్ని గంటలు ఉంటారు?" అని అడగండి. కింద రాసినదంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

దగ్గర పెట్టుకోవలసినవి

- వెళ్లే అందరి వయసులు. చంటిబిడ్డ కూడా లెక్కలోకే వస్తుంది.
- ఓడ పేరు, ప్రయాణ తేదీలు, ఏ రోజు ఏ రేవులో ఎన్ని గంటలకు ఆగుతుందో చూపే పట్టిక.
- ఆ ఓడ డెక్ ప్లాన్, అంటే ఒక్కో అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం. ఓడ కంపెనీ వెబ్‌సైటులోనే దొరుకుతుంది.
- లోపలి గదికి, కిటికీ గదికి, బాల్కనీ గదికి అన్ని పన్నులతో, టిప్పులతో కలిపిన మొత్తం ధర. మనిషికి ఇంత అనే ప్రకటన ధర పనికిరాదు.
- కొలిచే టేపు, కాస్త ముగ్గుపిండి. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. ముందు గదుల రకాలు సరిగ్గా తెలుసుకోండి

లోపలి గది ఓడ మధ్యభాగంలో, నడవాకు లోపలివైపు ఉంటుంది. కిటికీ ఉండదు. కిటికీ గదికి పెద్ద అద్దమో గుండ్రటి అద్దమో ఉంటుంది, కానీ అది తెరుచుకోదు. వెలుతురు వస్తుంది, గాలి రాదు. బాల్కనీ గదికి బయటికి వెళ్లే తలుపు, రెండు కుర్చీలు, చిన్న బల్ల ఉంటాయి. చాలామంది ఈ రెండిటి మధ్య ఉన్న కిటికీ గదిని అసలు చూడరు. అత్తగారి విషయంలో మాకు కావలసింది వెలుతురే గనుక కిటికీ గది చాలు. కొద్దిపాటి అదనపు ఖర్చుతోనే పని జరిగేది.

పేర్లు ఓడను బట్టి మారతాయి. 2022లో చెన్నై నుంచి యాత్రలు మొదలుపెట్టిన ఎంప్రెస్ ఓడ 1990లో కట్టినది. అలాంటి పాత తరం ఓడల్లో బాల్కనీలు తక్కువ. ఎంప్రెస్‌లో బాల్కనీ కావాలంటే మినీ సూట్ లేదా అంతకు పై తరగతి తీసుకోవాలి. సింగపూర్ నుంచి తిరిగే కొత్త పెద్ద ఓడల్లో మామూలు తరగతిలోనే బాల్కనీలు వందల సంఖ్యలో ఉంటాయి. రాయల్ కరిబియన్ అనే ఓడ కంపెనీవారి క్వాంటమ్ రకం ఓడల్లో కొన్ని లోపలి గదులకు గోడ మీద పెద్ద తెర ఉండి, బయటి సముద్రాన్ని కెమెరా ద్వారా అప్పటికప్పుడు చూపిస్తుంది. అది నిజమైన వెలుతురు కాకపోయినా, తెల్లవారిందో లేదో తెలుస్తుంది. పెద్దవాళ్లకు అది చిన్న మేలు కాదు.

2. తలలు లెక్కపెట్టండి

రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. ఓడలో ఆ లెక్క చెల్లదు. ఆరు నెలల బిడ్డ అయినా ఒక మనిషే, ఎందుకంటే ప్రాణరక్షణ పడవల్లో చోటు మనిషికొకటి చొప్పున ఉండాలి. నలుగురు పట్టే గదిలో నలుగురితోపాటు చంటిబిడ్డను చేర్చరు. "ఒళ్లో పెట్టుకుంటాం" అన్నా కుదరదు. ఈ పొరపాటుతో ఆఖరి నిమిషంలో రెండో గది కొనవలసి వచ్చినవారు నాకు తెలుసు. పైగా, చంటిబిడ్డలను ఎక్కించుకోవడానికి చాలా ఓడలకు కనీస వయసు ఉంటుంది, సాధారణంగా ఆరు నెలలు. సముద్రం మీదే ఎక్కువ రోజులు గడిపే యాత్రలకు ఏడాది.

మూడో మనిషి, నాలుగో మనిషి ఎక్కడ పడుకుంటారో కూడా అడగండి. గోడ నుంచో పైకప్పు నుంచో దిగే బెర్తులా, సోఫా పరుపా? పైబెర్తు మీద చిన్నపిల్లలను పడుకోబెట్టకండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నిచ్చెన ఎక్కడం కుదరదు. నలుగురు పట్టే గదులు ఏ ఓడలోనైనా తక్కువ, సెలవుల్లో ముందు అయిపోయేవి అవే.

3. గదిని మేడ మీద ముగ్గుతో గీయండి

చదరపు అడుగుల అంకె చదివితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. చాలా ఓడల్లో లోపలి గది 140 నుంచి 180 చదరపు అడుగుల మధ్య ఉంటుంది. బాల్కనీ గది దానికంటే కొద్దిగా పెద్దది, బాల్కనీ మరో 40 నుంచి 60. పాత ఓడల్లో గదులు ఇంకా చిన్నవి.

సాయంత్రం మేడ మీదికి వెళ్లి 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గీయండి. అందులో ఒక మూల 5 అడుగులకు 6 అడుగులు స్నానాలగది. 6 అడుగులకు 6 అడుగులు పెద్ద మంచం. ఒక గోడకు సోఫా, పక్కన చిన్న బల్ల. ఇప్పుడు కుటుంబం మొత్తం అందులో నిలబడండి. పెట్టెలు కూడా తెచ్చి పెట్టండి (ఖాళీ పెట్టెలు మంచం కిందికి వెళతాయి). ఉయ్యాల మంచం కావాలంటే దాని చోటు కూడా గీయండి. ఉదయం ఒకరు స్నానానికి వెళ్తుంటే, ఒకరు చీర కట్టుకుంటుంటే, మిగతా ఇద్దరు ఎక్కడ ఉంటారో నిజంగా చేసి చూడండి.

ఇది చేసిన చాలామంది బాల్కనీ మాట మరిచి "రెండో స్నానాలగది ఎలా దొరుకుతుంది?" అని అడుగుతారు. అది చాలా మంచి ప్రశ్న. జవాబు ఐదో మెట్టులో ఉంది.

4. బాల్కనీ గంటలు లెక్కపెట్టండి

అసలు మెట్టు ఇదే, తొందరపడకండి. యాత్ర పట్టిక ముందు పెట్టుకుని, ఒక్కో రోజుకు ఎవరైనా పగటిపూట మెలకువగా గదిలో ఉండే గంటలు రాయండి. రాత్రి నిద్ర లెక్కలోకి రాదు. రేవులో దిగి ఊరు చూసే గంటలు రావు. భోజనం, ఆటలు, ఈత రావు.

ఉదాహరణకు సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ మీదుగా నాలుగు రాత్రుల యాత్ర అనుకుందాం. మొదటిరోజు ఓడ కదిలేసరికి సాయంత్రం అవుతుంది, గంట. రేవులున్న రెండు రోజులూ ఉదయం గంట, సాయంత్రం గంట. సముద్రం మీద గడిపే రోజు నాలుగు గంటలు. చివరిరోజు పొద్దున్నే దిగిపోతారు. మొత్తం 9 గంటలు.

ఇప్పుడు ధరలు. మొదటి ఇద్దరికి ఒక ధర, అదే గదిలో మూడు, నాలుగో మనుషులకు తక్కువ ధర ఉండడం మామూలు. లెక్క తెలియడానికి ఊహించిన అంకెలు వాడుతున్నాను. లోపలి గదికి మొదటి ఇద్దరికి తలా 40,000, తర్వాతి ఇద్దరికి తలా 20,000 అయితే మొత్తం 1,20,000 రూపాయలు. బాల్కనీకి తలా 60,000, 25,000 అయితే 1,70,000. తేడా 50,000. తొమ్మిది గంటలకు పంచితే గంటకు సుమారు 5,500 రూపాయలు పడుతుంది.

అదే కుటుంబంలో రేవుల్లో దిగని తాతగారు ఉంటే, లేదా మధ్యాహ్నం రెండు గంటలు పడుకునే రెండేళ్ల పాప ఉంటే, గంటలు పదిహేను దాటుతాయి. పాప నిద్ర సంగతి పైకి కనిపించదు గాని, చాలా ముఖ్యం. లోపలి గదిలో బిడ్డ పడుకుంటే దీపం వేయలేరు. తల్లో తండ్రో చీకట్లో ఫోను వెలుగు దాచుకుంటూ కూర్చోవాలి. బాల్కనీ ఉంటే తెర వేసి, తలుపు మూసి, అద్దంలోంచి బిడ్డను కనిపెట్టుకుంటూ బయట కూర్చోవచ్చు. చంటిపిల్లల తల్లిదండ్రులకు బాల్కనీ అంటే నా దృష్టిలో రెండో గదితో సమానం.

గంటలు పన్నెండు దాటితే బాల్కనీ వైపు, ఎనిమిది లోపైతే లోపలి గది వైపు మొగ్గు చూపమని నేను చెబుతాను. మధ్యలో ఉంటే కిటికీ గది ధర చూడండి.

5. ప్రత్యామ్నాయాల ధర కట్టండి

మూడు, నాలుగో మనుషుల తగ్గింపు వదులుకుంటే రెండు లోపలి గదులు వస్తాయి. పై అంకెలతోనే చూడండి: నలుగురూ తలా 40,000 చొప్పున 1,60,000. నలుగురికి ఒక బాల్కనీ గది 1,70,000. అంటే ఇంచుమించు అదే డబ్బుకు రెండు గదులు, రెండు స్నానాలగదులు, రెండు పెద్ద మంచాలు. పిల్లలు పదేళ్లు దాటినవారైతే దాదాపు ప్రతిసారీ నేను ఇదే చెబుతాను. సాధారణంగా ప్రతి గది బుకింగులో ఒక పెద్దవారి పేరు ఉండాలి. తల్లితో ఒకరిని, తండ్రితో ఒకరిని రాయించండి.

ఆరుగురు వెళ్తుంటే పెద్దవాళ్లిద్దరికీ బాల్కనీ, మీ నలుగురికీ నడవాకు అవతల ఎదురుగా లోపలి గది తీసుకోండి. ఎదురెదురు గదులు అడిగితే దొరుకుతాయి. పొద్దున కాఫీకి అందరూ పెద్దవాళ్ల బాల్కనీలో చేరవచ్చు, సాయంత్రం పిల్లలను వాళ్ల దగ్గర వదిలి మీరిద్దరూ తిరిగి రావచ్చు. నాకు అన్నిటికంటే నచ్చిన అమరిక ఇది.

ఒక హెచ్చరిక. "గ్యారంటీ" అని రాసిన తక్కువ ధర గదుల్లో గది నంబరును కంపెనీయే తర్వాత నిర్ణయిస్తుంది. ఇద్దరే వెళ్తే ఫరవాలేదు. రెండు గదులు తీసుకునే కుటుంబం దాని జోలికి పోకూడదు, గదులు వేరువేరు అంతస్తుల్లో పడవచ్చు.

6. ఊపు గురించి ఆలోచించండి

ఓడ ఊపు మధ్యలో, కింది అంతస్తుల్లో తక్కువ. ముక్కు దగ్గర, తోక దగ్గర, పై అంతస్తుల్లో ఎక్కువ. బాల్కనీలు సాధారణంగా పై అంతస్తుల్లో ఉంటాయి గనుక ఊపు కాస్త ఎక్కువే తెలుస్తుంది. అయితే వాంతి వచ్చేలా ఉన్నప్పుడు దూరంగా ఆకాశం సముద్రాన్ని కలిసే గీతను చూస్తే చాలామందికి ఉపశమనం కలుగుతుంది, అది లోపలి గదిలో కనిపించదు. ఇంట్లో ఘాట్ రోడ్డు మీద బస్సులో వాంతి చేసుకునేవారు ఉంటే, మధ్యభాగంలో, వీలైనంత కింది అంతస్తులో గది తీసుకోండి. కిటికీ ఉంటే మరీ మంచిది. మందుల సంగతి బయలుదేరే ముందే డాక్టరును అడగండి, ముఖ్యంగా పిల్లలకు.

కాలం కూడా చూడండి. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే నెలలో తుపానుల భయం ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై ఎలా మునిగిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. చెన్నై నుంచి వెళ్లేవారికి జనవరి నుంచి మార్చి నెమ్మదైన కాలం. సింగపూర్ నుంచి పెనాంగ్ వైపు వెళ్లే మలక్కా జలసంధికి రెండు పక్కలా నేల ఉంది, అక్కడ ఊపు సాధారణంగా తక్కువ.

7. గది నంబరు ఎంచుకునేటప్పుడు పైనా కిందా చూడండి

డెక్ ప్లాన్‌లో మీ గది కనిపెట్టండి. తర్వాత పై అంతస్తు పటం తెరిచి సరిగ్గా దాని నెత్తిమీద ఏముందో చూడండి. ఆ తర్వాత కింద. పైనా కిందా గదులే ఉంటే నిశ్చింత. పైన ఈతకొలను, భోజనశాల ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు లాగే చప్పుడు వినిపిస్తుంది. మా బాల్కనీ గది అలాంటిదే, ఐదింటికే మెలకువ వచ్చేది. కింద నాటకశాల, పాటల హాలు ఉంటే రాత్రి నిద్ర పట్టదు. లిఫ్టుకు మరీ ఆనుకుని వద్దు. మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం నాలుగైదు గదుల దూరంలో తీసుకోండి, నడవాలు చాలా పొడవు. పక్కగదిలోకి తలుపు ఉన్న జంటగదులు ఒకే కుటుంబానికి చక్కగా ఉంటాయి, పక్కన పరాయివాళ్లుంటే ఆ తలుపులోంచి మాటలన్నీ వినిపిస్తాయి.

బాల్కనీ అయితే ఇంకో మూడు చూడాలి. "అడ్డు ఉన్న దృశ్యం" అని రాసి ఉంటే ముందు ప్రాణరక్షణ పడవ వేలాడుతుంటుంది, ఎంత అడ్డమో ఆ గది నంబరుతో వెతికితే ఫొటోలు దొరకవచ్చు. రెండోది, పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి ఆకాశాన్ని కప్పేస్తుందేమో. మూడోది, ఏ పక్క? ఓడ ముందుకు తిరిగి నిలబడితే ఎడమ పక్కను పోర్టు, కుడి పక్కను స్టార్‌బోర్డు అంటారు. చెన్నై నుంచి విశాఖ వైపు వెళ్లేటప్పుడు సూర్యోదయం కుడి పక్క, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ పక్క. దక్షిణంగా శ్రీలంక వైపు వెళ్లేటప్పుడు కూడా ఎడమ పక్కే. సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్లేటప్పుడు సూర్యాస్తమయం ఎడమ పక్క కనిపిస్తుంది. సరిసంఖ్య గదులు ఈ పక్కే, బేసివి ఆ పక్కే అని ఎవరైనా చెబితే నమ్మకండి, పద్ధతి కంపెనీని బట్టి మారుతుంది.

ఓడ నడిచేటప్పుడు బాల్కనీలో గాలి గట్టిగానే ఉంటుంది. 18 నాట్ల వేగమంటే గంటకు 33 కిలోమీటర్లు. తడి చీర ఆరవేయవచ్చని అనుకోకండి, ఎగిరి సముద్రంలో పడుతుంది. పైగా కటకటాల మీద బట్టలు ఆరవేయడాన్ని ఓడలు ఒప్పుకోవు.

8. చిన్నపిల్లలుంటే బాల్కనీ భద్రత

అమెరికాలో ప్రయాణికులను ఎక్కించుకునే ఓడలకు 2010 నాటి చట్టం ప్రకారం కటకటాల ఎత్తు కనీసం 42 అంగుళాలు ఉండాలి. ఎత్తు సరిపోతుంది. ప్రమాదమంతా కుర్చీతోనే. మూడేళ్ల పిల్లవాడు కుర్చీని కటకటాల దాకా జరిపి ఎక్కగలడు. పిల్లలు గదిలో ఉన్నంతసేపూ కుర్చీలు, బల్ల గది లోపలికి తెచ్చుకోండి. తలుపుకు పైన రెండో గడియ ఉందో లేదో చూడండి, లేకపోతే గది చూసే సిబ్బందిని అడగండి. క్షణం కూడా ఒంటరిగా వదలకండి, ఎత్తుకుని కటకటాల అవతలికి వంచి చూపించకండి. ఒక్కరే తల్లో తండ్రో ఇద్దరు చిన్నపిల్లలను తీసుకువెళ్తుంటే, గంటల లెక్క ఏమి చెప్పినా, లోపలి గదో కిటికీ గదో తీసుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మనిషి ధర చూసి గది ఖరారు చేయడం. చంటిబిడ్డను లెక్కలో మరవడం. "రాత్రి పడుకోవడానికే కదా" అని పెద్దవాళ్లను లోపలి గదిలో పెట్టడం, వాళ్లు నాలుగింటికే లేస్తారని మనకు తెలిసి కూడా. బాల్కనీ ఉంది గనుక గదిలోనే పూజ చేసుకోవచ్చనుకోవడం: దీపం, అగరుబత్తి, కర్పూరం ఏ గదిలోనూ వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపం తీసుకువెళ్లండి. నీళ్లు కాచుకునే కెటిల్, ఇస్త్రీపెట్టె కూడా తనిఖీలో ఆగిపోతాయి. స్నానాలగది గడప ఎత్తుగా ఉంటుందని పెద్దవాళ్లకు ముందే చెప్పకపోవడం. ప్లాస్టిక్ చెంబు ఒకటి పెట్టెలో వేసుకోండి, ఏ గదిలోనూ ఉండదు.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

బుకింగు పత్రం రాగానే ఈ ఐదూ సరిచూడండి: గది నంబరు ఉందా లేక గ్యారంటీ అని ఉందా, అంతస్తు, పక్క మీరు అడిగినవేనా, పడకల సంఖ్య మనుషుల సంఖ్యకు సరిపోయిందా, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లున్నాయా, రెండు గదులైతే పక్కపక్కనో ఎదురెదురుగానో ఉన్నాయా. తేడా ఉంటే ఆ రోజే చెప్పండి, డబ్బు మొత్తం కట్టాక మార్చడం కష్టం.

లోపలి గది ఖరారు చేసే ముందు ఇంట్లో ఒక రాత్రి పరీక్ష చేయండి. పడకగది కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు సందులో తువ్వాలు పెట్టి, అందరూ అందులోనే పడుకోండి. చీకటికి భయపడే పిల్లవాడు, ఊపిరాడనట్టుందనే అమ్మమ్మ ఎవరో ఆ రాత్రే తెలిసిపోతుంది. బెడ్‌ల్యాంపు, అంకెలు వెలిగే గడియారం ఉంటే చాలన్నారంటే నిశ్చింతగా లోపలి గది తీసుకోవచ్చు. అవి రెండూ పెట్టెలో సర్దండి, బ్యాటరీతో పనిచేసేవైతే ఓడలో ప్లగ్గుల బాధ ఉండదు.

ఎక్కిన రోజు గదిలోకి వెళ్లగానే, పెట్టెలు విప్పకముందే, పైబెర్తు దించమని సిబ్బందికి చెప్పి గొళ్లెం గట్టిగా ఉందో లేదో చూడండి. బాల్కనీ తలుపు రెండుసార్లు మూసి తీయండి. పక్క బాల్కనీ కూడా మీదేనైతే మధ్య తడిక తెరవగలరేమో అడగండి, కొన్ని ఓడల్లో తెరుస్తారు. ప్రాణరక్షణ కవచాలు మనుషులందరికీ ఉన్నాయో లేదో, పిల్లల కొలతవి ఎక్కడ ఇస్తారో అప్పుడే అడిగి, ఓడ కదిలే ముందు జరిగే భద్రతా కసరత్తుకు పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లండి.